తేటనీరు, మంచినీరు

సంస్కృత భాషలో నీటికి పేర్లు పెక్కు కలవు. వానిలో ‘జీవనము’ ఒకటి, ‘అమృతము’ మఱొకటి. నీరు లేనిదే ప్రాణి బ్రదుకదు గనుక ఈ రెండు పేర్లును తగియున్నవి. అయితే నిఘంటువులు ‘విషము’ అను పదమునకు గూడ నీరు అను అర్థమును చెప్పుచున్నవి. పూర్వులు ఏ యుద్దేశముతో ఈ పేరు పెట్టిరో గాని, తెలుగుదేశములోని కొన్ని గ్రామముల ఇటీవలి చరిత్రను చూచినచో అదియును తగిన పేరే యనిపించును.

నీటి మంచిచెడ్డలను కంటితోను, ముక్కుతోను, నాలుకతోను పరీక్షించుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఏటినుండి తెచ్చిన బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను అరగదీసి కుండలో కలుపుదురు. లేదా పటికముక్కను నీటిలో త్రిప్పుదురు. ఉప్పునీటితో పప్పు ఉడకదనియు, సబ్బు నురుగు రాదనియు ఇల్లాలు ఏ ప్రయోగశాలకును పోకయే తెలిసికొనును. ఈ పరీక్షలు వ్యర్థములని చెప్పరాదు. కాని వానికి అందని దోషములు కొన్ని కలవు. తళతళ మెఱయుచు, దుర్వాసన లేక, నోటికి ఇంపుగా నుండు నీటిలోనే ఎముకలను బిగియించి, వంచివేయు పదార్థము కరగియుండవచ్చును. నెల్లూరు సీమలోని మెట్టగ్రామముల ప్రజలు ఈ సత్యమును తమ శరీరములతో నేర్చుకొనిరి.

నాటి నెల్లూరు జిల్లా పడమటి భాగమున పొదిలి, దర్శి, కనిగిరి అను తాలూకాలు ఉండెను. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతము అందులో చేరినది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం జిల్లా యని పేరు వచ్చినది. వానలు తక్కువ, రాతినేల ఎక్కువ. పంటకును, త్రాగుటకును బావులే దిక్కు. ఇచ్చటి కొన్ని గ్రామములలో బాలుర పలువరుసలమీద సున్నము పూసినట్టి మచ్చలు కనిపించుచుండెను. అవియే క్రమముగా పసుపురంగునకును, గోధుమరంగునకును తిరుగుచుండెను. పెద్దవారి బాధ అంతకంటె దారుణము. నడివయస్సు రాకముందే మెడయు, వెన్నును బిగిసిపోవును. తల ప్రక్కకు త్రిప్పవలెనన్న మొండెమంతయు త్రిప్పవలసివచ్చును. నడుము వంగిపోయి, తుదకు కాలుసేతులు స్వాధీనము తప్పి, మంచము పట్టువారును ఉండిరి. దీనిని వాతమని తలచి చేయించుకొన్న వైద్యమేదియు ఫలింపలేదు.

1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని పరిశోధించి, దాని కారణమును ప్రకటించిరి. దోషము గాలిలో లేదు, ఆహారములో లేదు, వంశములోను లేదు. బావినీటిలో కరగియున్న ఫ్లోరైడు అను లవణమే ఇంత పని చేయుచున్నది! భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిన మొదటి పరిశోధన లలో ఇది ప్రసిద్ధమైనది.

ఈ కారణము వారికి తట్టుటకు సముద్రముల కావల జరిగిన కృషియు తోడ్పడినది. అమెరికాలోని కొలరాడో ప్రాంతమున ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901లో వైద్యవృత్తి ప్రారంభించినప్పుడు, ఆ యూరివారి పండ్లమీద గోధుమరంగు మచ్చలను చూచి ఆశ్చర్యపడెను. కారణము నీటిలోనే యున్నదని అతడు అనుమానించెను. కాని నీటిని ఎన్నిసార్లు పరీక్షింపించినను దోషము కనిపింపలేదు. ఏలయన, నాటి పరీక్షకులు ఫ్లోరైడు కొఱకు వెదకనే లేదు. 1931లో చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు సూక్ష్మమైన పద్ధతితో వెదకగా అది బయటపడెను. ముప్పది సంవత్సరములు కనులయెదుటనున్న వస్తువు, దాని కొఱకే వెదకిననాడు గాని దొఱకలేదు. నీటి పరీక్షలో ఈనాటికిని ఇదే చిక్కు. వెదకని దోషము పరీక్షాపత్రములో కనిపింపదు.

ఫ్లోరైడు నీటిలోనికి ఎట్లు వచ్చును? దానిని ఎవ్వరును తెచ్చి పోయలేదు. తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం మెట్టప్రాంతములలో నేల అడుగున నున్నవి చాలవఱకు నల్లసేనపు రాళ్ళు, వానివంటి గట్టి శిలలు. ఈ శిలలలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరిను అను మూలకము ఇమిడియుండును. వాననీరు భూమిలోనికి ఇంకి, శిలల పగుళ్ళలో చేరి, అచ్చట నెలలు, సంవత్సరములు నిలిచియుండును. నిలిచినకొలది శిలను కొంచెము కొంచెముగా కరగించును. నీటిలో సున్నపు పాలు, అనగా కాల్షియము, ఎక్కువగా నున్నచో అది ఫ్లోరైడును పట్టుకొని అడుగున దించును. కాల్షియము తక్కువై సోడాగుణము హెచ్చిననాడు ఫ్లోరైడు విచ్చలవిడిగా కరగును. కాబట్టియే ఒక వింత యేర్పడినది: పప్పు ఉడకని కఠినజలముకంటె, నోటికి మెత్తగా తోచు నీటిలోనే ఈ దోషము ఎక్కువగా నుండవచ్చును. ఇల్లాలి పరీక్ష ఇచ్చట తలక్రిందులగును.

ఇక దాని పరిమాణమును చూడవలెను. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలనియు, వేఱు నీరు దొఱకనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఇంటిపై నుంచు వేయి లీటర్ల తొట్టిని ఊహించుకొన్నచో, ఆ నీటియంతటిలోను గ్రామున్నర ఫ్లోరైడు మాత్రము ఉండవచ్చునన్నమాట. పావుచెంచాడు ఉప్పు అంత తూగును. అంతకు రెండింతలు, మూడింతలు అయినను నాలుకకు తెలియదు. తెలియకపోయినను శరీరము లెక్క తప్పదు. మూత్రపిండములు కొంత బయటికి పంపగా, మిగిలినది ఎముకలలో చేరుచుండును.

హద్దు అందఱికిని ఒక్కటియే యైనను హాని అందఱికిని ఒక్కటి కాదు. లీటరునకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల బావి యొకటి కలదనుకొనుడు. నీడపట్టున కూర్చుండి దినమునకు రెండు లీటర్లు త్రాగువానికి 6 మిల్లీగ్రాములు చేరును. మండుటెండలో నాగలి పట్టి ఐదు లీటర్లు త్రాగు కూలివానికి 15 మిల్లీగ్రాములు చేరును. పాలు, ఆకుకూరలు సమృద్ధిగా దొఱకని యింట వ్యాధి మఱింత త్వరగా ముదురును. పిల్లల విషయము వేఱు. స్థిరదంతములు చిగురులోపల రూపొందుచుండు కాలమున, అనగా ఎనిమిదేండ్లలోపున, ఈ నీరు త్రాగినవారి పండ్లపై మచ్చ పడును. ఆ మచ్చ తోమినను పోదు. మితమైన ఫ్లోరైడు పండ్లు పుచ్చకుండ కాపాడునన్న మాటయు నిజమే. మేలు చేయు పాలునకును, కీడు చేయు పాలునకును నడుమ దూరము చాల తక్కువ.

నీటిని కాచిన ఈ దోషము పోవునని కొందఱు భ్రమపడుదురు. కాచుటవలన సూక్ష్మజీవులు చచ్చును గాని లవణములు పోవు. పైగా కొంత నీరు ఆవిరియై పోవుటచేత మిగిలిన నీటిలో ఫ్లోరైడు పాలు హెచ్చును.

నెల్లూరు తరువాత ఈ వ్యాధి కెక్కువగా పేరు పడినది నల్లగొండ. అచ్చటి మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల పేర్లు వినగానే వంగిన నడుములు తలపునకు వచ్చు కాలముండెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ ఫ్లోరైడును తొలగించుట కొఱకు రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు. అందులో వాడునవి చౌకవస్తువులే: పటిక, సున్నము, బ్లీచింగ్ పొడి. వీనిని కొలత ప్రకారము నీటిలో వేసి, మొదట వడిగాను, తరువాత మెల్లగాను కలుపుదురు. పటిక నీటిలో విడిపోయి దూదిపింజలవంటి పొరలుగా ఏర్పడును. ఆ పింజలు ఫ్లోరైడును పట్టుకొని, గంటసేపట్లో అడుగునకు దిగును. పైన తేఱిన నీటిని వేఱుచేసి వాడుకొందురు.

చూచుటకు ఇది చిల్లగింజ పనివలె సులువుగా తోచును, కాని కాదు. బురద తేఱుటకు చిటికెడు పటిక చాలును. ఫ్లోరైడు పోవుటకు దానికి ఎన్నో రెట్లు కావలెను. అది యెంతయో నీటిలోని ఫ్లోరైడునుబట్టియు, క్షారగుణమునుబట్టియు లెక్కింపవలెను. తక్కువైన దోషము పోదు. ఎక్కువైన నీరు వగరెక్కి, అల్యూమినియము మిగిలిపోవును. అడుగున దిగిన ముద్దలో పట్టుబడిన ఫ్లోరైడంతయు ఉండును గనుక దానిని బావిప్రక్కన పాఱబోయరాదు. కొలుచువాడు లేనిచోట ఈ పద్ధతి యంత్రములున్నను నిలువదు.

నల్లగొండ కథలో మఱొక మలుపు కలదు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎండిన సీమకు అది వరప్రసాదమే. అయితే 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి అనువారు ఒక క్రొత్త వికారమును వర్ణించిరి. ఫ్లోరైడు గ్రామములలోని కొందఱు యువకులకు మోకాళ్ళు లోనికి వంగి ఒకదానినొకటి ఒఱయుచుండెను. పాదములు దూరముగా పడుచుండెను. ఎముకలు బోలుబాఱి యుండెను. జలాశయమునుండి ఊటనీరు చుట్టుప్రక్కల భూగర్భజలమట్టమును పెంచినదనియు, దానివలన నేలగుణము మాఱి, ఆ నేలలో పండిన జొన్నలలో మాలిబ్డినము అను లోహము హెచ్చినదనియు, అది శరీరములోని రాగిని తగ్గించి ఫ్లోరైడు హానిని పెంచినదనియు పరిశోధకులు ఊహించిరి. బావిలో నీరు పెరిగినందులకు సంతోషించినవారు ఆ నీటి గుణము మాఱినదని యెట్లు ఎఱుగుదురు?

బావినీరు ఒకసారి పరీక్షించి, మంచిదని పేరు పెట్టి వదలివేయదగిన వస్తువు కాదు. లోతు మాఱినను, ఋతువు మాఱినను, పైన మనుష్యులు చేయు పని మాఱినను అది మాఱుచుండును. ఇందులకు మఱొక ఉదాహరణము నారికురుపు. పూర్వము మెట్టగ్రామములలో మెట్లు దిగి నీరు ముంచుకొను దిగుడుబావులు ఉండెను. నారికురుపు గలవాడు కాలు తడిపినచో, పురుగుపిల్లలు నీటిలో చేరి, కంటికానని నీటిపేలలో పెరిగి, ఆ నీటిని త్రాగినవారి శరీరములో ప్రవేశించుచుండెను. సుమారు ఏడాదికి మూరెడు, రెండు మూరల దారమువంటి పురుగు కాలినుండి బయటికి వచ్చుచుండెను. దిగుడుబావులను మాన్పించి, మూతగల బోరుబావులను, చేతిపంపులను ఏర్పఱచుటయు, నీటిని వడగట్టించుటయు మొదలైన పనులవలన ఈ పీడ తొలగినది. 2000వ సంవత్సరమున భారతదేశము నారికురుపు లేని దేశముగా ప్రకటింపబడినది. ఇది గొప్ప విజయము. కాని అవే బోరులు శిలల లోతునుండి నీటిని తెచ్చినవి. అనేక స్థలములలో ఆ నీటితోపాటు ఫ్లోరైడును తెచ్చినవి. ఆ బోరులు వేసినవారిది తప్పని చెప్పుట న్యాయము కాదు. అయితే నీరు పడిననాడు కొబ్బరికాయ కొట్టిన ప్రతిచోట ఒక సీసాడు నీటిని పరీక్షకు పంపియుండిన బాగుండెడిది.

బోరులు ఇంత లోతునకు పోవుటకు మూలకారణము పైనీరు తఱుగుటయే. చెఱువు నిండినచో దాని క్రింది బావులు ఊరునన్న సంగతి రైతు లెఱుగనిది కాదు. చెఱువు కేవలము కాలువలకు నీరిచ్చు తొట్టి కాదు. అది నేలలోనికి నీటిని దింపు గరాటు. వాననీటిలో ఫ్లోరైడు దాదాపు శూన్యము. ఆ నీరు ఇంకి, పైపొరలలోని పాతనీటితో కలిసినచో దోషము పలుచబడుటకు అవకాశము కలదు. అన్నిచోట్లను ఇట్లే జరుగునని చెప్పుటకు వీలులేదు. కొన్ని నేలలలో ఇంకునీరు దారిలోని లవణములను కూడ కరగించుకొని దిగును. దీనిని తేల్చునదియు పరీక్షయే.

చెఱువు కట్టుటలో నీటి రాశిని, గుణమును కలిపి ఆలోచించుట తెలుగునాట క్రొత్త కాదు. కడప సీమలోని పోరుమామిళ్ళలో ఒక గొప్ప చెఱువు కలదు. దానిని కట్టించినవాడు విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు. 1369 నాటి సంస్కృత శాసన మొకటి దీని చరిత్రను చెప్పుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు మోయుటకు నూఱు బండ్లు పనిచేయగా, రెండు సంవత్సరములకు చెఱువు పూర్తియైనదట. ఆ శాసనము అంతటితో ఆగలేదు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలెననియు, ఆఱు దోషములు ఉండరాదనియు వివరించుచున్నది. జలశాస్త్ర మెఱిగినవాడు ఉండవలెను. తియ్యనినీటి నది దానికి ఆధారము కావలెను. దోషములలో కట్ట ఊటవేయుట ఒకటి, చవుడునేల మఱొకటి. నీరు స్వల్పమై, దానిక్రింద సాగుచేయదలచిన నేల అధికమగుటయు దోషమే. ఆఱువందల యేండ్ల క్రిందట ఱాతిపై చెక్కిన ఈ చివరిమాటను, ఒకే గుట్టక్రింద పోటాపోటీగా ఇరువది బోరులు వేసిన గ్రామము చదివిన ఏమనుకొనునో!

ఈ దోషమును లెక్కలలో చూచుట సులభము. వరిపంటకు మొత్తముమీద సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావలెను. ఒక యెకరములో అంత నీరు నిలిపినచో అది దాదాపు 48 లక్షల లీటర్లగును. పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్లు ఈయవలెనని నేటి జలజీవన పథకపు లెక్క. ఒక యెకరము వరికి పెట్టిన నీరు సుమారు 240 మందికి ఏడాది పొడుగున ఇంటివాడుకకు సరిపోవును. పెట్టినదానిలో కొంత మఱల భూమిలోనికి దిగునన్నది నిజమే. కాని లోతుబోరునుండి తోడినదంతయు తిరిగి ఆ లోతునకు చేరదు. వేరుసెనగ, జొన్న మొదలగు ఆరుతడి పంటలకు ఇందులో సగము నీరైన అక్కఱలేదు.

ఈ లెక్కను రైతులే స్వయముగా వేసికొన్న సందర్భ మొకటి చెప్పదగియున్నది. 2003 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కఱవుజిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలములను నిర్వహించుకొను పథకము నడచినది. ప్రకాశం, నల్లగొండ, అనంతపురం వానిలోనివి. ఆఱువందలకు పైగా పల్లెలు ఇందులో చేరినవి. ఎవ్వరికిని సబ్సిడీ లేదు. ఏ పంటకును నిషేధము లేదు. రైతులకు వానకొలత పాత్ర నిచ్చి, బావిలో నీటిమట్టమును కొలుచుట నేర్పిరి. చదువురాని స్త్రీలు, పురుషులు కూడ పదునైదు దినముల కొకసారి బావులకు పోయి, కొలతలు తీసి, ఊరి నడుమ గోడమీద వ్రాయించుచుండిరి. వానకాలము ముగియగానే అందఱును కూడి, ఈ యేడు ఎంత నీరు ఇంకినది, ఎంత తోడినారము, రబీకి ఎంత మిగిలినది అని లెక్క చూచెడివారు. తఱుగు కనిపించినప్పుడు ఏమి చేయవలెనన్నది ఎవరి యిష్టము వారిదే. అయినను గోడమీది అంకెను చూచి వరిని తగ్గించి, ఆరుతడి పంటలకు మఱలినవారు పలువురు.

కఱ్ఱు పెట్టి దున్నువాడే కొలబద్దయు పట్టినాడు గనుకనే ఇది సాధ్యమైనది. పట్టణమునుండి అధికారి వచ్చి “నీటిని పొదుపు చేయుడు” అని చెప్పిన మాట ఆ సాయంత్రమునకే మఱపున పడును. తన బావిలో తాడు నిరుటికంటె మూడు బారలు ఎక్కువ దిగినదని తానే చూచినవాడు మఱచుట కష్టము.

నీటిరాశిని కొలిచినట్లే గుణమును కొలుచుటయు ఇప్పుడు గ్రామములకు అందుబాటులోనికి వచ్చినది. 2019లో ఆరంభమైన జలజీవన పథకము క్రింద ప్రతి గ్రామమునను ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నిర్ణయించిరి. వారి చేతిలోనిది చిన్న పెట్టె. అందులో రంగుమందులు, గాజుగొట్టములు, పోలిక చూచుకొను రంగులపట్టీ. ఫ్లోరైడు పరీక్షలో ఎఱుపుచాయగల మందు నీటిలో కలిసినప్పుడు, ఫ్లోరైడు హెచ్చినకొలది పసుపునకు తిరుగును. సూక్ష్మజీవుల పరీక్షకు వేఱొక సీసా. అందులో నీరు పోసి, ఒకటి రెండు దినములు ఉంచినచో, మలసంబంధమైన క్రిములు ఉన్నయెడల నీరు నల్లబడును. నీటిని పట్టుటలోను పద్ధతి కలదు. పంపును కొంతసేపు కొట్టి గొట్టములో నిలిచిన నీటిని పోనీయవలెను. రసాయన పరీక్షకు వాడు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలుచవలెను. తేదీని, బావిపేరును సీసాపై అతికింపవలెను. పేరులేని సీసాలోని నీరు ఎంత చక్కగా పరీక్షించినను నిరుపయోగమే.

నల్లగొండ పల్లెలకు ఇప్పుడు కృష్ణానీరు గొట్టములద్వారా వచ్చుచున్నది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఇందులకు ముఖ్యసాధనము. ఈ తరము బాలురలో పలువురకు తాతల పలువరుసలమీది మచ్చలు లేవు. వంగిన ఎముకలను నిటారు చేయు మందు మాత్రము లేదు. ఆ తరమువారు తమ నొప్పులతోనే కాలము గడుపుచున్నారు. గొట్టము పగిలిననాడు, విద్యుత్తు లేనినాడు పాతబోరువైపు బిందెలు నడచుచునే యుండును. పొలమునకు పోయినవాడు అచ్చటి మోటారునీటినే దోసిలి పట్టి త్రాగును. కావున ఆ బావుల పరీక్ష ఆగరాదు. రసాయన పరీక్ష ఏడాది కొకసారియైనను, క్రిముల పరీక్ష వానలకు ముందొకసారి, తరువాత ఒకసారియు జరుపవలెనని నియమము. ఒకే బావినుండి జ్యేష్ఠమాసమున పట్టిన నీటికిని, ఆశ్వయుజమాసమున పట్టిన నీటికిని రంగులపట్టీమీద ఒకే గడి కుదురుననుకొనరాదు. అందుచేతనే రెండు అంకెలను, రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి, ఆ బావి గట్టుమీదనే అందఱకును కనిపించునట్లు ఉంచుదురు.